బాడుగకున్న వాళ్ళతో ఇంటి ఓనర్లు ఎలా మాట్లాడాలి? నెల్లూరు, ఒంగోలు వాళ్ళు చెప్పండి

బాలాజీనగర్ అమ్మాయి

నెల్లూరు బాలాజీ నగర్‌లో మా ఇల్లు. కింద అమ్మా నాన్నా ఉంటారు, మిద్దె మీద రెండు పోర్షన్లు బాడుగకు ఇచ్చాం. ఒకదాంట్లో బ్యాంకు ఉద్యోగి కుటుంబం, ఇంకోదాంట్లో ఆత్మకూరు వైపు నుంచి పిల్లాడి ఇంటర్ చదువు కోసం వచ్చిన భార్యాభర్తలు. ఇన్నేళ్ళూ నాన్నే అన్నీ చూసుకున్నారు. మోకాళ్ళ నొప్పులతో ఇప్పుడు మెట్లెక్కలేకపోతున్నారు. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నా. ఇకనుంచి ఈ వ్యవహారం నా మీద పడింది.

ప్రస్తుతం మా ఇంట్లో జరిగేది ఏందంటే, నాన్న కింద నుంచి కేకేసి చెబుతారు, అమ్మ పనిమనిషితో చెప్పి పంపిస్తుంది. "ఈ రోజు మోటారు పాడైంది, నీళ్ళు చూసి వాడుకోండి" అన్న మాట పైకి పోయేసరికి "మీరు నీళ్ళు ఎక్కువ వాడుతున్నారంట" అయిపోతుంది. వాళ్ళు మంచి వాళ్ళే, బాడుగ కూడా టైముకి ఇస్తారు. అయినా ఈ మధ్య ముఖాలు చాటేస్తున్నారు. దూరంగా ఉండి వీళ్ళతో ఎలా మాట్లాడాలి? ఫోను చేయాలా, మెసేజ్ పెట్టాలా? బాడుగ పెంచే సంగతి ఎప్పుడు ఎత్తాలి? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

మూలపేట మాస్టారు

అమ్మాయ్, ముందు పనిమనిషి చేత కబురు పంపడం ఆపించు. అన్నిటికన్నా పెద్ద పని అదే. నీళ్ళ సంగతైనా, బాడుగ సంగతైనా ఓనరు నోటి నుంచి నేరుగా వాళ్ళ చెవికి చేరాలి. మూడో మనిషి నోట్లో పడితే అది పితూరీ అవుతుంది. ఆ పనిమనిషి పైన కూడా పని చేస్తుంటే ఆమెకూ ఇబ్బందే.

మా నాయన కాలం నుంచి మా ఇంట్లో మూడు పోర్షన్లు బాడుగకిస్తున్నాం. నేను పాటించే పద్ధతి ఒకటి చెబుతాను. కొత్తవాళ్ళు పాలు పొంగించుకుని దిగిన వారం లోపల వాళ్ళను కాఫీకి పిలుస్తాను. మున్సిపల్ నీళ్ళు ఏ టైముకు వస్తాయి, బోరు మోటారు ఎవరు వేయాలి, చెత్త బండి ఎప్పుడొస్తుంది, గేటు తాళం రాత్రి ఎన్నింటికి వేస్తాం, బండి ఎక్కడ పెట్టుకోవాలి, అన్నీ అప్పుడే చెప్పేస్తాను. మాంసం వండుకోవడం మీద, చుట్టాలు వచ్చి ఉండడం మీద మనకు ఏదన్నా పట్టింపు ఉంటే ఇల్లు చూపించే రోజే చెప్పాలి, అడ్వాన్సు తీసుకున్నాక కాదు. సామాను దించాక చెప్పే షరతు ఎవరికైనా మోసంలాగే ఉంటుంది.

ఇక బాడుగ పెంచడం. మూడు నెలల ముందే చెప్పు. జూన్‌లో మాత్రం ఎత్తొద్దు. ఫీజులు, పుస్తకాలు, యూనిఫాంలు అన్నీ ఆ నెలలోనే ఉంటాయి. సంక్రాంతి దాటాక చెబితే, కుదరదనుకున్నవాళ్ళు పరీక్షలు ముగిశాక వేసవి సెలవుల్లో ఇల్లు వెతుక్కుంటారు. వాళ్ళకూ దారి ఉంటుంది, నీకూ ఇల్లు ఖాళీగా ఉండదు.

పొదలకూరు రోడ్డు నర్సు

నేను బాడుగకుండే మనిషిని, ఇటువైపు మాట కూడా వినండి. ప్రైవేటు ఆస్పత్రిలో నైట్ డ్యూటీ చేసి పొద్దున ఎనిమిదింటికి ఇంటికొచ్చి పడుకుంటాను. పాత ఇంట్లో ఓనరమ్మ పది గంటలకు తలుపు కొట్టి "బాత్రూంలో కొళాయి చూద్దామని వచ్చా" అని నేరుగా లోపలికి వచ్చేవారు. ఇల్లు ఆమెదే, కాదనను. కానీ లోపల మేం బతుకుతున్నాం కదా. ముందురోజు రాత్రి "రేపు ప్లంబరు వస్తాడు, మీకు ఏ టైము వీలు" అని ఒక్క మెసేజ్ పెడితే చాలు. నేను లేచి కూర్చుని టీ కూడా పెట్టి ఇస్తాను.

ఇంకొకటి. అగ్రిమెంటు నా పేరు మీద ఉంది, బాడుగ వేసేది నేను. అయినా ఏ విషయమైనా మా ఆయనకే ఫోను పోతుంది. ఆయన పోర్టులో పనిలో ఉండి మర్చిపోతారు, సాయంత్రానికి మేం పట్టించుకోలేదన్న మాట పడుతుంది. ఎవరికి ఫోను చేయాలి, ఏ టైములో చేయాలి అన్నది ఇల్లు ఇచ్చే రోజే అడిగి రాసుకోండి.

ఒంగోలు వకీలు

నర్సమ్మ అడిగిన దానికి చట్టం వైపు నుంచి కూడా బలం ఉంది. 2021లో కేంద్రం ఒక నమూనా అద్దె చట్టం తెచ్చింది. రాష్ట్రాలు దాన్ని చూసి తమ తమ చట్టాలు చేసుకోవాలి. అందులో ఓనరు ఇంట్లోకి రావాలంటే కనీసం 24 గంటల ముందు రాతపూర్వకంగా గానీ, ఫోను మెసేజ్ లాంటి ఎలక్ట్రానిక్ పద్ధతిలో గానీ తెలియజేయాలని ఉంది. అద్దె సవరించాలంటే మూడు నెలల ముందు రాతపూర్వక నోటీసు, నివాసపు ఇంటికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదు, తగాదా వచ్చిందని నీళ్ళూ కరెంటూ ఆపకూడదు అని కూడా ఉంది. మాస్టారు తన అలవాటుగా చెప్పిన మూడు నెలలూ ఇదీ సరిపోయాయి చూడండి.

మెసేజ్ ఎక్కడ సరిపోతుంది, ఎక్కడ సరిపోదు అన్నది కూడా తెలుసుకోండి. ప్లంబరు రాక, నీళ్ళు, అద్దె అందిందన్న మాట, వీటికి వాట్సాప్ చక్కగా సరిపోతుంది. తేదీతో సహా రికార్డు ఉంటుంది. ఇల్లు ఖాళీ చేయమనడం వేరే. వేరే ఒప్పందం ఏదీ లేకుండా నెలనెలా అద్దెకు ఉన్నవాళ్ళకు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల నోటీసు ఇవ్వాలి. అది రాసి ఉండాలి, ఇచ్చేవాళ్ళ సంతకం ఉండాలి, పోస్టులో పంపాలి లేదా చేతికి ఇవ్వాలి. అయితే నోటీసు పంపే ముందు ఎదురుగా కూర్చుని మాట్లాడండి. నా దగ్గరికి వచ్చే ఇంటి కేసుల్లో చాలావాటికి, ఓనరు నోట ఒక్క మాట కూడా వినకుండా రిజిస్టర్ పోస్టు కవరు అందుకున్న కోపమే మొదలు.

అద్దె రసీదు విషయంలో కూడా చాలామంది ఓనర్లు నీళ్ళు నములుతారు. పాత పన్ను విధానంలో హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) మినహాయింపు తీసుకునే ఉద్యోగి ఏడాదికి లక్ష దాటి అద్దె కడుతుంటే ఓనరు పాన్ నంబరు ఆఫీసులో ఇవ్వాలి. బ్యాంకు ఉద్యోగి కాబట్టి మీ పైవాళ్ళు అడిగే అవకాశం ఉంది. ఇవ్వలేమనుకుంటే ఇల్లు చూడ్డానికి వచ్చిన రోజే ఆ మాట చెప్పాలి. ఏడాదంతా తీసుకుని, ఆఫీసు వాళ్ళు కాగితాలు అడిగే జనవరిలో ఇవ్వనంటే ఆ మనిషి పన్ను రూపంలో నష్టపోతాడు.

కావలి ఓనరు

అందరూ బాడుగవాళ్ళ వైపే మాట్లాడుతున్నారు. మా కావలిలో ఒక కుటుంబం "ఈ నెల సర్దుకోండి సార్" అంటూ నెలల తరబడి జరిపింది. నేను మర్యాదకు పోయి గట్టిగా అడగలేదు. మెసేజ్ పెడితే చూసి ఊరుకునేవాళ్ళు. చివరికి అడ్వాన్సుకు మించి బాకీ పెట్టి రాత్రికి రాత్రి సామాను ఎత్తుకుపోయారు. ఆ ఇంటి మీద నాకు బ్యాంకు లోను ఉంది. నా కంతు నేను కట్టాల్సిందేగా. మెత్తగా మాట్లాడమని చెప్పేవాళ్ళు దీనికేమంటారు?

మూలపేట మాస్టారు

కావలి తమ్ముడూ, నీ నష్టం నిజం. కానీ మర్యాదగా మాట్లాడడం వేరు, అడగకుండా ఊరుకోవడం వేరు. బాడుగ ఐదో తేదీ అనుకుంటే ఏడో తేదీన అడగాలి. నేను ఇలా పెడతాను: "అన్నా, ఈ నెల బాడుగ ఇంకా అందలేదు. ఏమైనా ఇబ్బందా? ఎప్పటికి వేయగలరో ఒక తేదీ చెప్పండి." ఆ తేదీ వాళ్ళ నోటి నుంచే రావాలి. ఆ తేదీ కూడా దాటితే ఫోను, తర్వాత నేనే వెళ్ళి మాట్లాడడం. రెండో నెల కూడా ఆగిందంటే "అడ్వాన్సులో ఇంత మిగిలింది, అది అయ్యేలోపు మీరు వేరే చూసుకోవాలి" అని లెక్క రాసి చేతికిస్తాను. ఇందులో గొంతు పెంచేది ఏమీ లేదు.

నిజంగా కష్టంలో ఉన్నవాళ్ళు ముందుగా అడిగితే ముందుగానే చెబుతారు. మా ఇంట్లో ఉన్న ఒకాయనకు ఆక్వా చెరువులో రొయ్య పోయింది. నెలా రెండు నెలలు ఆగమన్నాడు, ఆగాను. తర్వాతి పట్టుబడికి మొత్తం తెచ్చి ఇచ్చాడు. అడగకుండా లోపల లోపల ఉడుక్కుని, ఒకరోజు వీధిలో నిలబెట్టి అరిస్తే ఆ మనిషి నాకు బాకీ తీర్చేవాడా?

లాయర్‌పేట గృహిణి

ఒంగోలులో మా తగాదాలన్నీ నీళ్ళ గురించే. మున్సిపల్ కుళాయి రోజూ రాదు. వేసవిలో మరీ గ్యాపు పెరుగుతుంది. మా అపార్ట్‌మెంటు లాంటి ఇంట్లో ఆరు కుటుంబాలు. మా ఓనరు గారు వాట్సాప్ గ్రూపు పెట్టి, నీళ్ళు వదిలిన రోజు "సంపు నిండింది, మళ్ళీ వచ్చేదాకా ఇదే" అని ఫోటో పెడతారు. ట్యాంకరు తెప్పిస్తే బిల్లు కూడా అందులోనే పెడతారు. ఎవరికీ అనుమానం ఉండదు. గుండ్లకమ్మ నుంచి, సాగర్ కాలువ నుంచి నీళ్ళు ఎట్లా ఉన్నాయన్న వార్త కూడా మాకు ముందు ఆయన దగ్గరే తెలుస్తుంది.

ఆ గ్రూపులో ఆయన ఇప్పటిదాకా ఒక్కరి అద్దె గురించి కూడా ఎత్తలేదు. అంతకుముందు మేమున్న ఇంట్లో ఓనరు గ్రూపులోనే "ఫలానా పోర్షన్ వాళ్ళు ఇంకా కట్టలేదు" అని పెట్టేవాడు. ఆ నెల నిజంగా మా మామగారి ఆపరేషన్ ఉండి ఆలస్యమైంది. పిల్లలు కూడా ఆ ఫోను చూస్తారు కదండీ. ఆ ఇల్లు ఖాళీ చేయడానికి అదే కారణం. గ్రూపులో నీళ్ళు, కరెంటు, మరమ్మతులు మాత్రం ఉండాలి. డబ్బు సంగతి ఎవరిది వాళ్ళతోనే.

వేదాయపాలెం కరెంటు పని

అన్నా, అక్కా, కరెంటు బిల్లు గురించి నేను చెబుతా. ఒకే సర్వీసు తీసుకుని లోపల సబ్ మీటర్లు పెట్టే ఓనర్లు చాలామంది ఉన్నారు. అందరి యూనిట్లూ ఒకే బిల్లులో కలిస్తే పై శ్లాబులోకి పోతుంది, యూనిట్ రేటు పెరుగుతుంది. బాడుగవాళ్ళేమో వాళ్ళ యూనిట్లకు తక్కువ రేటు అనుకుంటారు, ఓనరు ఎక్కువ అడుగుతాడు, దొంగలెక్క అనుకుంటారు. వీలైతే పోర్షనుకో సర్వీసు తీసుకోండి. కుదరకపోతే ప్రతి నెలా ఒకే తేదీన రీడింగ్ ఫోటో తీసి, అసలు బిల్లుతో పాటు వాళ్ళకు పంపండి. బోరు మోటారుకు విడిగా మీటరు ఉంటే ఇంకా మంచిది.

ఇప్పుడు కొత్తగా వచ్చే తగాదా సర్దుబాటు చార్జీలది. ట్రూ అప్ అనీ, ఇంధన సర్దుబాటు అనీ ఎప్పుడో వాడిన యూనిట్లకు ఇప్పటి బిల్లులో వేస్తారు. మొన్న దిగినవాళ్ళను ఆ పాత కాలం డబ్బు కట్టమంటే ఎందుకు కడతారు? వాళ్ళు దిగిన తేదీ నాటి రీడింగ్ రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి. అంతకు ముందు నెలలవి ఓనరువి, తర్వాతివి వాళ్ళవి. ఖాళీ చేసేటప్పుడు కూడా ఈ మాట అనుకోవాలి, తర్వాత వచ్చే చార్జీ ఎవరిదని.

బాలాజీనగర్ అమ్మాయి

అందరికీ దండాలు. గ్రూపు పెట్టాను, నీళ్ళకూ కరెంటుకూ మాత్రమే అని ముందే రాశాను. పనిమనిషి చేత కబుర్లు ఆపమని అమ్మకు చెప్పాను, ఒప్పుకుంది.

అయితే ముఖాలు చాటేయడానికి అసలు కారణం నిన్న తెలిసింది. బ్యాంకాయన తల్లి పక్షవాతంతో మంచాన పడ్డారు. నాన్న ఎదురింటి వాళ్ళతో మాటల్లో "ఏదన్నా జరిగితే ఇంట్లో పెట్టనివ్వను, ముందే ఊరికి తీసుకుపొమ్మని చెప్పాలి" అన్నారంట. అది వాళ్ళ చెవిన పడింది. ఇది మెసేజ్‌లో రాసే సంగతి కాదని తెలుసు. ఏం చేయాలో మాత్రం అర్థం కావడం లేదు. నాన్న చెడ్డ మనిషి కాదు. భయం అంతే.

పొదలకూరు రోడ్డు నర్సు

ఇది ఆస్పత్రిలో నేను రోజూ చూసే బాధ. డాక్టరు "ఇంక ఇంటికి తీసుకుపోండి" అనగానే సొంత ఇల్లున్నవాళ్ళు ఏడుస్తారు. బాడుగకున్నవాళ్ళు ఏడవడానికి ముందు ఓనరుకు ఫోను చేస్తారు. వద్దన్నారంటే అంబులెన్సు అట్నుంచి అటే సొంత ఊరికి, ఊళ్ళో ఎవరూ లేకపోతే నేరుగా బోడిగాడితోట శ్మశానానికి. ఆఖరుసారి ఇంటి గడప కూడా తొక్కనియ్యకుండా తల్లిని పంపించుకున్నామన్న బాధ ఆ బిడ్డలకు ఎన్నేళ్ళకూ పోదు. మంచాన ఉన్న పెద్దావిడకు కూడా అన్నీ వినపడతాయి. తన వల్ల కొడుకు ఇల్లు పోతుందేమోనని వాళ్ళు తిండి తగ్గించేస్తారు. నేను చూశాను.

మీ నాన్నగారి చేతనే ఆ మాట వెనక్కి తీయించండి.

కావలి ఓనరు

నర్సమ్మా, నువ్వు చెప్పింది వింటే కడుపు తరుక్కుపోతుంది. అయినా ఓనర్ల భయం కూడా చెప్పాలి. మా వీధిలో ఒక ఇంట్లో బాడుగవాళ్ళ పెద్దాయన పోయాడు. నక్షత్రం మంచిది కాదని పురోహితుడు చెప్పాడు, ధనిష్ఠా పంచకం అనే దోషమంట, ఇల్లు ఆరు నెలలు మూసేయమన్నాడు. తర్వాత కూడా ఆ ఇంటికి చాన్నాళ్ళు ఎవరూ రాలేదు. బాడుగ మీదే బతికే ముసలి ఓనర్లు ఉంటారు. వాళ్ళను రాక్షసులని అనొద్దు.

మూలపేట మాస్టారు

ఎవరూ అనడం లేదు తమ్ముడూ. నమ్మకం ఉన్నవాళ్ళకు దానికి తగ్గ దారి ఉంది. శాంతి చేయించుకోవచ్చు, పుణ్యాహవాచనం చేయించి సున్నం వేయించుకోవచ్చు. ఆ ఖర్చు ఎవరిదన్నది మనిషి బతికుండగానే, పెద్దవాళ్ళు ఎదురెదురుగా కూర్చుని నెమ్మదిగా అనుకోవచ్చు. బాడుగవాళ్ళలో నూటికి తొంభై మంది ఆ ఖర్చు మేమే పెట్టుకుంటాం అంటారు. గేటు దగ్గర అంబులెన్సు ఆపి ఆ మాట మాట్లాడకూడదు, అంతే నేను చెప్పేది. మా ఇంట్లో రెండుసార్లు జరిగింది. ఇల్లు అలాగే ఉంది, మేమూ అలాగే ఉన్నాం. తర్వాత వచ్చినవాళ్ళకు దాచకుండా చెప్పే బాడుగకిచ్చాను.

అమ్మాయ్, నువ్వు బెంగళూరు నుంచి ఫోను చేసి నాన్న తరఫున సర్దిచెప్పొద్దు. ఆయన మాట, ఆయనే చెప్పాలి. మెట్లెక్కలేరు కాబట్టి ఆ బ్యాంకు అబ్బాయిని కిందికి పిలిపించమను. ఎదురింటి వాళ్ళ ప్రస్తావన తీసుకురాకుండా, "అమ్మగారు ఎట్లా ఉన్నారు నాయనా, ఏం జరిగినా ఇది మీ ఇల్లే, దిగులు పెట్టుకోవద్దు" అంటే చాలు. వివరణలు ఎక్కువిస్తే మళ్ళీ పుండు రేగుతుంది.

లాయర్‌పేట గృహిణి

మీ అమ్మగారు కూడా ఒకసారి పైకి వెళ్ళి ఆ పెద్దావిడ పక్కన కూర్చుని రావాలి. కోడలితో మాట కలవాలంటే అదే దారి.

పెన్నా గట్టు

ఆలస్యంగా చూశాను. ఇంకో సంగతి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు మేం గట్టుకు దగ్గర కాలనీలో కింది పోర్షన్‌లో ఉన్నాం. మా ఓనరు ఉండేది హైదరాబాద్‌లో. సోమశిల నుంచి నీళ్ళు వదులుతున్నారని తెలిసిన వెంటనే అర్ధరాత్రి ఫోను చేసి "పై పోర్షన్ తాళం చెవి పక్కింట్లో ఉంది, పిల్లల్ని తీసుకుని పైకి పొండి" అన్నారు. అప్పటిదాకా ఆయన నాకు బాడుగ తీసుకునే మనిషి మాత్రమే. ఆ ఇంట్లోనే ఇప్పటికీ ఉన్నాం.

దూరంగా ఉండే ఓనర్లు తాళం చెవి ఎక్కడుందో, మెయిన్ ఎక్కడ ఆపాలో, ప్లంబరు నంబరు ఏదో ముందే చెప్పి పెట్టాలి. మనకు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మిద్దె కారుతుందని ఆగస్టులో చెబితే సెప్టెంబరు లోపల చేయించండి. చేయించలేకపోతే ఎప్పుడు చేయిస్తారో తేదీ చెప్పండి. "చూద్దాంలే" అన్న మాట విని బకెట్లు పెట్టుకుని రాత్రంతా కూర్చున్నవాళ్ళం చాలామంది ఉన్నాం.

దర్గామిట్ట భాయ్

మాకు రొట్టెల పండగ వస్తే ఇల్లంతా చుట్టాలే. బారా షహీద్ దర్గాకు, స్వర్ణాల చెరువుకు వచ్చేవాళ్ళు మా ఇంట్లోనే దిగుతారు. మా ఓనరు గారు పండగకు వారం ముందే అడుగుతారు, "భాయ్, ఎంతమంది వస్తున్నారు, ట్యాంకరు ఒకటి ఎక్కువ చెప్పనా, సగం సగం వేసుకుందాం" అని. ముందు అడిగారు కాబట్టి నేను మొత్తం నేనే ఇస్తానని చెప్తాను. ఆయన ఒప్పుకోరు.

బాలాజీనగర్ అమ్మాయి

నాన్న మాట్లాడారు. మాస్టారు చెప్పిన రెండు ముక్కలే అన్నారంట. బ్యాంకాయన చాలాసేపు ఏం మాట్లాడలేదంట, తర్వాత నాన్న మోకాళ్ళకు ఏ డాక్టరు దగ్గర చూపిస్తున్నారని అడిగారంట. అమ్మ రోజూ సాయంత్రం పైకి పోయి వస్తోంది.

ఇంకొక్కటి అడగాలి. రెండో పోర్షన్ వాళ్ళ అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఆ పోర్షన్ మా తమ్ముడి కోసం ఏప్రిల్ తర్వాత కావాలి. ఎప్పుడు, ఎలా చెప్పాలి? అడ్వాన్సులో సున్నం డబ్బు పట్టుకోవాలని నాన్న అంటున్నారు, ఒప్పందంలో మాత్రం రాయలేదు.

ఒంగోలు వకీలు

ఇప్పుడే చెప్పండి, తల్లిదండ్రులిద్దరినీ కూర్చోబెట్టి. పిల్లాడి ముందు వద్దు. ముందు పరీక్షలున్నాయి, వాడి మనసు అటే ఉండాలి. పరీక్షలు అయ్యాక, ఎంట్రన్సులు కూడా ఉంటే అవీ రాశాక అని గడువు పెట్టండి. మరీ ఆలస్యం చేస్తే ఆషాఢం వస్తుంది, ఆ నెలలో వాళ్ళు ఇల్లు మారరు, కొత్త ఇంట్లో పాలు పొంగించరు. కాబట్టి మే నెలాఖరు అనుకోండి. మాటల్లో ఒప్పుకున్నాక అదే తేదీని మెసేజ్‌లో పెట్టి వాళ్ళ చేత సరేననిపించుకోండి. సంతకంతో కాగితం అప్పటికి రెండు ముక్కల్లో రాసుకుంటే చాలు.

సున్నం డబ్బు ఒప్పందంలో రాయలేదు కాబట్టి పట్టుకోవద్దు. మామూలుగా కాపురం ఉంటే గోడలు మాసిపోతాయి, అది ఓనరు ఖర్చు. తలుపు విరగ్గొట్టారు, వాష్ బేసిన్ పగలగొట్టారు అంటే వేరే, దాని బిల్లు చూపించి తగ్గించుకోవచ్చు. ఖాళీ చేసే రోజు అందరూ కలిసి గదులన్నీ తిరిగి చూసి, మీటరు రీడింగ్ రాసుకుని, అడ్వాన్సు అక్కడికక్కడే ఇచ్చేయమనండి. తమ్ముడు దిగాక తర్వాత ఎప్పుడైనా కొత్తవాళ్ళకు ఇస్తే, దిగే రోజే గదుల ఫోటోలు తీసి ఇద్దరి ఫోన్లలో ఉంచుకోండి.

బాలాజీనగర్ అమ్మాయి

సరేనండి. ఈ శనివారం ఊరికి వస్తున్నా, ఆ సంగతి నేనే ఎదురుగా మాట్లాడతాను. సున్నం డబ్బు వద్దని నాన్నకు చెప్పాను, అడ్వాన్సు మొత్తం మే నెలకు విడిగా తీసి పెడుతున్నాను.